సరిహద్దు లేని ఊరు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఈ వారం మాట్లాడమంటూ నిర్వాహకులు నాకిచ్చిన విషయం కాస్త బరువైనదే. టెక్నాలజీ కలిపిన, సరిహద్దులు లేని సమూహాలు మనకు అలవాటైన దేశాలకు సవాలు అవుతున్నాయా అన్నది ప్రశ్న. నేను రాజనీతి శాస్త్రం చదివినవాణ్ణి కాను. కువైట్‌లో ఇరవై ఏడేళ్లుగా లెక్కలు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అందుకని జవాబు పుస్తకాల్లో కాకుండా మా ఫోన్లలో వెతుకుతాను. ముందు ఒక ఫోటో సంగతి చెప్పాలి.

కరోనాకు ముందు, 2019లో జరిగింది. కోనసీమలో మలికిపురం దగ్గరి పల్లె నుంచి ఒకావిడ ఇక్కడ ఒక ఇంట్లో పనికి వచ్చింది. నాలుగు నెలలైనా జీతం చేతికి రాలేదు. గడప దాటనివ్వలేదు. ఆమె ఫోను ఇంటివాళ్ల దగ్గరే ఉండేది. శుక్రవారం నాడు ఓ పావుగంట ఇచ్చేవారు, అదీ ఎదురుగా కూర్చుని. ఒక శుక్రవారం ఇంటావిడ ఏదో పని మీద లోపలికి వెళ్లింది. ఈవిడ ఫోను కొంగులో దోపుకుని, చెత్త సంచి పెట్టే వంకతో గేటు దాకా వెళ్లి, గోడకున్న నంబరు పలకను ఫోటో తీసి చెల్లెలికి పంపింది. దాంతోపాటు గొంతు తగ్గించి నాలుగు మాటలు: "నేనెక్కడున్నానో నాకే తెలీదే. గోడ మీద ఇదుంది. ఎవరికైనా చూపించు."

చెల్లెలు దాన్ని ఊళ్లో డ్వాక్రా మహిళల గ్రూపులో పెట్టింది. అందులో ఒకామె కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. అతను తనకు తెలిసిన కువైట్ స్నేహితుడికి పంపాడు. అక్కడినుంచి అది మా గ్రూపులోకి వచ్చి పడింది. అందరం పలక మీది అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటున్నాం. ఇంతలో మంచినీళ్ల బండి నడిపే రాయచోటి కుర్రాడు ఒకడు, "అన్నా, అది పేసీ నంబరు. యాపులో కొడ్తే ఇల్లు చూపిస్తాది" అన్నాడు.

కువైట్‌లో ప్రతి భవనానికీ ప్రభుత్వం ఎనిమిది అంకెల నంబరు ఇస్తుంది. ఇచ్చే సంస్థ పౌర సమాచార సంస్థ. మనవాళ్లు దాన్ని పొట్టిగా పేసీ అంటారు. ఆ నంబరును 'కువైట్ ఫైండర్' అనే వాళ్ల యాపులో కొడితే ప్రాంతం, బ్లాకు, వీధి, ఇల్లు అన్నీ వస్తాయి. అలాగే వచ్చాయి. ఫోటో పంపిన రెండు గంటల్లోపే, తానెక్కడుందో ఆమెకు తెలియక ముందే, మలికిపురంలో చెల్లెలికి తెలిసిపోయింది.

అయితే ఆ ఇంట్లోంచి ఆమె బయటికి రావడానికి పట్టింది పంతొమ్మిది రోజులు. ఆ రెండు గంటలకూ ఈ పంతొమ్మిది రోజులకూ మధ్య ఏముందన్నదే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది.

మనుషులు దేశాల గీతలు దాటి జట్టు కట్టడం కొత్తేమీ కాదు. 'ఆంధ్రపత్రిక' పుట్టింది ఆంధ్రదేశంలో కాదు, బొంబాయిలో. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని అక్కడ వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. తెలుగువాళ్లకు ఒక రాష్ట్రం రావడానికి నలభై ఏళ్ల ముందే, వేరువేరు ఊళ్లలో ఉన్నవాళ్లకు మనమంతా ఒకటేనన్న భావన కలిగించినవాటిలో అదొకటి. 1913లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన 'గదర్' పత్రికా అంతే. సముద్రాలు దాటి వెళ్లిన ఆ కాగితాలంటే బ్రిటిష్ ప్రభుత్వానికి భయం ఉండేది. ఆ గదర్ పార్టీలో మన దరిశి చెంచయ్యగారు కూడా ఉన్నారు. అప్పటి టెక్నాలజీ అచ్చు యంత్రం, ఓడ టపా. ఒక కబురు వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టేది. ఇప్పుడు అదే పని రెండు గంటల్లో అవుతోంది. కొత్తదనం ఆ వేగంలోనే ఉంది.

ఇంకో విశేషం ఉంది. నేల లేకుండా ఒక దేశం బతకగలదా అన్న ప్రశ్నకు జవాబు తెలిసిన దేశాల్లో కువైట్ ఒకటి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. నెల తిరక్కుండా కువైట్‌ను ఇరాక్‌లో పందొమ్మిదవ రాష్ట్రంగా ప్రకటించారు. పటం మీద దేశం లేదు. ప్రభుత్వం సౌదీలోని తాయిఫ్‌లో ఉంది. దేశం డబ్బు విదేశీ పెట్టుబడుల్లో ఉంది. ప్రజల్లో చాలామంది పరాయి దేశాల్లో ఉన్నారు. లోపల మిగిలినవాళ్లకు బయటి ప్రపంచంతో టెలిఫోను తెగిపోయింది. అలాంటప్పుడు అబ్దుల్ జబ్బార్ మరఫీ అనే హామ్ రేడియో ఆసక్తిపరుడు రహస్యంగా తన సెట్టు నడిపి లోపలి వార్తలు బయటికి చేరవేశాడు. 1991 ఫిబ్రవరి 26న విముక్తి వచ్చేదాకా దాదాపు ఏడు నెలలు ఈ దేశం జెండాగా, బ్యాంకు ఖాతాగా, రేడియో తరంగంగా బతికింది.

అదే సమయంలో ఇక్కడి భారతీయుల పరిస్థితి ఏమిటి? మన ప్రభుత్వం అమ్మాన్ నుంచి విమానాలు నడిపి లక్షా డెబ్బై వేల మందికి పైగా ఇంటికి చేర్చింది. ఇంత పెద్ద పౌర తరలింపు ప్రపంచ చరిత్రలో అరుదు. కానీ విమానం దాకా మనుషులను నడిపించింది ఎవరు? మాథున్ని మాథ్యూస్, హర్‌భజన్ సింగ్ వేదీ వంటివారు నడిపిన ప్రవాస భారతీయుల కమిటీ. పేర్ల జాబితాలు, తిండి, బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు బస్సులు, ఇవన్నీ సాయం చేసే మనుషుల పని. ఎగిరి వచ్చే విమానం, దిగనిచ్చే అనుమతి, సరిహద్దులో ముద్ర, ఇవి ప్రభుత్వం పని. అప్పటికి సెల్‌ఫోను లేదు, వాట్సాప్ లేదు. అయినా పని పంచుకున్న తీరు చూడండి. మొన్నటి మలికిపురం ఆవిడ విషయంలోనూ అచ్చం అలాగే జరిగింది.

ఇప్పుడు మా గ్రూపుల సంగతి చెబుతాను. కువైట్ జనాభా యాభై లక్షలకు దగ్గర. అందులో మూడింట రెండొంతుల పైచిలుకు విదేశీయులే. భారతీయులం పది లక్షల దాకా ఉంటాం. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు, కడప వైపు వాళ్లు, ఆ తర్వాత ఉభయ గోదావరి జిల్లాల వాళ్లు. ఒకప్పుడు ఊరికి పోయేవాడి చేతికి ఉత్తరంతో పాటు క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు. తండ్రి గొంతు క్యాసెట్‌లో విని బిడ్డ పెరిగిన ఇళ్లు ఎన్నో. ఇప్పుడు ప్రతి ఊరికీ ఒక గ్రూపుంది. రక్తదానానికి ఒకటి, గదులు దొరకడానికి ఒకటి, పండగలకు ఒకటి, ఎవరైనా పోతే చందాలకు ఒకటి. చదువు రానివాళ్లు గొంతుతో మాట్లాడతారు. అక్షరం రానివాడికి కూడా పౌరసత్వం ఇచ్చే ఊరది.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో వింటున్నవారు ఒక తేడా గమనించాలి. మీరు కొన్నేళ్లుంటే ఆ దేశస్థులు కావచ్చు. పిల్లలు అక్కడ ఓటు వేస్తారు. మాకు ఆ దారి లేదు. 1959 నాటి ఇక్కడి పౌరసత్వ చట్టం ప్రకారం మాలాంటివాళ్లకు, ఎన్ని దశాబ్దాలున్నా, పౌరసత్వం దాదాపు అసాధ్యం. ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా తండ్రి వీసా మీద ఆధారపడి ఉంటారు. అటు మన దేశంలో ఓటు హక్కు ఉందా అంటే, ఉంది. 2010లో చట్టం మార్చి భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులకు ఓటరుగా నమోదయ్యే అవకాశం ఇచ్చారు. కానీ ఓటు వేయాలంటే స్వయంగా ఊరికి వెళ్లాలి. ప్రతినిధి ద్వారా ఓటు వేయించే బిల్లు 2018లో లోక్‌సభ దాటి, రాజ్యసభ ఆమోదం పొందకుండానే 2019లో మురిగిపోయింది. నెలకు నూరు దినార్ల జీతగాడు ఓటు కోసం విమానం ఎక్కడు. కాబట్టి ఉన్న దేశంలో ఓటు లేదు, ఓటున్న దేశంలో మనిషి లేడు. ఆ మధ్య ఖాళీలోనే ఈ గ్రూపు మొలిచింది.

మరి ఇది దేశాలకు సవాలు ఎలా అవుతుంది? నాకు కనబడినంతలో ఒక దేశం మూడు పనులు తనకే సొంతమనుకుంటుంది. తన మనుషులెవరో లెక్క తెలిసి ఉండటం. వాళ్ల తరఫున మాట్లాడటం. వాళ్లకు ఆపద వస్తే తలుపు కొట్టి బయటికి తీసుకురావడం. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది లెక్క. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో కార్మికులుండే భవనంలో మంటలు లేచాయి. నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. రెండు రోజుల తర్వాత వాయుసేన విమానం భౌతికకాయాలను కొచ్చికి తీసుకెళ్లింది. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నవారికి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయాల్సి వచ్చింది. అధికారులు పేర్లు ప్రకటించేలోపే ఫోన్లలో పేర్లు తిరగడం మొదలైంది. ఆ పూట ఎంతమంది తల్లులు కొడుకులకు ఫోన్ చేసి ఊపిరి పీల్చుకున్నారో లెక్కలేదు. ఆ మేలు గ్రూపుదే. కానీ ఫోనులో వచ్చే పేరు వెనక ఎవరి సంతకమూ ఉండదు. నిజమో కాదో తేలని పేరు ఒక ఇంటి ముందు ఏడుపు పుట్టించగలదు. ప్రభుత్వం ఆలస్యంగా చెప్పినా సంతకం పెట్టి చెబుతుంది. మనం వెంటనే చెబుతాం, సంతకం పెట్టం.

రెండోది, మూడోది కలిపి చెప్పాలి. దానికి ఫిలిప్పీన్స్ వాళ్ల కథ కావాలి.

2018 ఫిబ్రవరిలో ఒక ఫిలిప్పీనా పనిమనిషి మృతదేహం ఇక్కడ ఒక ఖాళీ ఫ్లాట్‌లో ఫ్రీజర్‌లో దొరికింది. ఆ దేశమంతా అట్టుడికిపోయింది. కువైట్‌కు కార్మికులను పంపడం ఆపేశారు. అప్పటికి రెండున్నర లక్షల మంది ఫిలిప్పీనోలు ఇక్కడున్నారు. ఇబ్బందుల్లో ఉన్న ఆడవాళ్లు ఫోనులో మొర పెట్టుకునేవారు. ఏప్రిల్‌లో వాళ్ల ఎంబసీ సిబ్బంది కొందరు నేరుగా ఇళ్ల దగ్గరికి వెళ్లి పనిమనుషులను బండ్లలో ఎక్కించుకొచ్చారు. ఆ వీడియోలు బయటికి వచ్చి ప్రపంచమంతా తిరిగాయి. ఫిలిప్పీన్స్‌లో చప్పట్లు. కువైట్‌లో ఆగ్రహం. తమ నేల మీద తమ అనుమతి లేకుండా పరాయి ప్రభుత్వం మనుషులను ఎత్తుకుపోవడం సార్వభౌమత్వాన్ని ఉల్లంఘించడమే అన్నారు. ఏప్రిల్ 25న రాయబారిని వారం రోజుల్లో దేశం విడిచి వెళ్లమన్నారు.

మే 11న రెండు దేశాలూ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులో ఒక మాట నన్ను ఆపేసింది. పనిమనిషి ఫోను ఆమె దగ్గరే ఉండనివ్వాలి. రెండు దేశాల విదేశాంగ మంత్రులు కూర్చుని రాసుకున్న ఒప్పందంలో సెల్‌ఫోను గురించి ఒక షరతు! సైన్యాలు, చమురు, ఓడరేవుల సరసన ఒక పనిమనిషి చేతిలోని ఫోను. సరిహద్దులు లేని సమూహం ఎక్కడినుంచి మొదలవుతుందో ఆ ప్రభుత్వాలకు బాగా అర్థమైంది.

ఇక్కడే నా అసలు మాట చెబుతాను. సరిహద్దు లేదని మనం మురిసిపోయే ఈ ఊరికి నిజానికి ఒక సరిహద్దుంది. ఫోను ఎవరి చేతిలో ఉందన్నదే ఆ సరిహద్దు. మలికిపురం ఆవిడ ఆ పావుగంట సేపే మన ఊరి మనిషి. మిగతా వారమంతా ఆమెకు ఏ ఊరూ లేదు, ఏ దేశమూ లేదు. 2022లో బాలాజీ శ్రీనివాసన్ అనే పారిశ్రామికవేత్త 'ది నెట్‌వర్క్ స్టేట్' అని ఒక పుస్తకం తెచ్చాడు. ఇంటర్నెట్‌లో కలిసిన సమూహాలే డబ్బు కూడబెట్టి, నేల కొనుక్కుని, చివరికి దేశాలుగా గుర్తింపు పొందుతాయని అందులో ఆయన వాదన. కావచ్చు. కానీ ఆ మాట చెప్పేవాళ్ల ఊహలో ఉన్న మనిషి చేతిలో లాప్‌టాపు, జేబులో రెండు పాస్‌పోర్టులు ఉంటాయి. మా మనిషి పాస్‌పోర్టు మరొకరి బీరువాలో ఉంటుంది. ఇద్దరికీ ఒకే సిద్ధాంతం సరిపోదు.

మళ్లీ ఆ శుక్రవారం సాయంత్రానికి వద్దాం. ఇల్లు దొరకగానే మా గ్రూపులో కుర్రాళ్లు ఉడికిపోయారు. "రెండు కార్లేసుకుని పోదాం, పిలిస్తే బయటికొస్తుంది, ఎక్కించుకొచ్చేద్దాం" అన్నారు. వాళ్ల మంచితనాన్ని తప్పు పట్టను. అప్పుడు ముప్పై ఏళ్లుగా ఇక్కడున్న పెద్దాయన ఒకరు గొంతు సందేశం పెట్టారు. "నాయనా, పోయినేడు రాయబారే పోయి దేశం విడిచి పోవాల్సి వచ్చింది. మనమెంత? ఆమె గడప దాటిన మరుక్షణం యజమాని పరారీ కేసు పెడతాడు. అప్పుడు ఆమె పారిపోయిన మనిషి అవుతుంది, మనం దాచిపెట్టిన వాళ్లమవుతాం. జీతమూ పోతుంది. ఆదివారం ఎంబసీ తెరిచేదాకా ఆగండి." గ్రూపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరే సరేనన్నారు.

ఆ పంతొమ్మిది రోజుల్లో ఎవరెవరేం చేశారో చెబుతాను. చెల్లెలు ఇంట్లో పెట్టెలు వెతికి పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం ఫోటో పంపింది. కుటుంబం తరఫున అర్జీ రాసి సంతకం చేసింది. మావాళ్లలో అరబ్బీ బాగా వచ్చిన కడప ఆయన సెలవు పెట్టుకుని కాగితాలతో తిరిగాడు. ఎంబసీ వాళ్లు ఇక్కడి గృహకార్మికుల విభాగంలో ఫిర్యాదు వేయించారు. ఆ విభాగం వాళ్లు యజమానిని పిలిపించారు. ఆయన ముందు రాలేదు. తర్వాత వచ్చి, ఏజెంటుకు తాను కట్టిన డబ్బు ఎవరిస్తారన్నాడు. మూడు దఫాలు కూర్చున్నాక పాస్‌పోర్టు, రెండు నెలల జీతం బల్ల మీద పెట్టాడు. టికెట్టు డబ్బు మేం వేసుకున్నాం. ఎవరు ఎంత ఇచ్చిందీ జాబితా గ్రూపులో పెట్టాం. మిగిలిన ఏడు దినార్లు కూడా లెక్క చెప్పి ఆమె చేతికే ఇచ్చాం.

తలుపు కొట్టింది ప్రభుత్వం. ఏ తలుపు కొట్టాలో చెప్పింది గ్రూపు. ఆ నంబరు పలక ఎవరిది? అదీ ప్రభుత్వానిదే. ఇవి ఒకదానికొకటి శత్రువులని ఎలా అనగలం?

అయినా సవాలు లేదని కాదు. నిజానికి ఇక్కడ చట్టం లేకపోలేదు. 2015లో కువైట్ గృహకార్మికుల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదు, వారానికో సెలవివ్వాలి, పనిమనిషి సమ్మతి లేకుండా పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోకూడదు అని అందులో ఉంది. 2021 జూన్‌లో గృహకార్మికుల గురించి భారత్, కువైట్ ఒక అవగాహన పత్రం మీద సంతకాలు కూడా చేశాయి. మన దేశం 2016 నుంచి, చదువు తక్కువున్న ఆడవాళ్లను గల్ఫ్‌కు పంపే పని ప్రభుత్వ సంస్థలకే అప్పగించింది. ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ అలాంటివే. ఇంట్లో పనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలన్న నియమమూ ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ అదే ఫోనులో ఒక ఏజెంటు గొంతు వినిపిస్తుంది. "చెల్లెమ్మా, ఆ గోలంతా ఎందుకు, విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లు, అక్కడినుంచి నేను చూసుకుంటా" అంటాడు. రెండు ప్రభుత్వాలు కట్టిన గోడకు కన్నం వేసేది కూడా సరిహద్దులు లేని సమూహమే. మనల్ని కలిపిన తీగ మీదే వాడూ నడుస్తాడు.

అంతకన్నా ఘోరమూ జరిగింది. 2019 అక్టోబరులో బి.బి.సి. అరబిక్ విలేఖరులు మారుపేర్లతో వెళ్లి, కువైట్‌లో పనిమనుషులను ఇన్‌స్టాగ్రామ్‌లో, అమ్మకాల యాపుల్లో సరుకులా బేరం పెడుతున్నారని బయటపెట్టారు. ఇక్కడి అధికారులు ఆ ప్రకటనలు పెట్టినవాళ్లను పిలిపించి తీయించారు. మనిషిని వెతికి పట్టిచ్చే యాపు, మనిషిని అమ్మే యాపు, రెండూ అదే ఫోనులో పక్కపక్కన ఉన్నాయి.

ఇక దేశాలేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అవీ ఫోనులోకి వచ్చేశాయి. కువైట్‌లో ఇప్పుడు మా బతాకా, అంటే సివిల్ ఐడి, ఫోనులోనే ఉంటుంది. 2021లో 'సహెల్' అనే ప్రభుత్వ యాపు వచ్చింది. అకామా వివరాలు, జరిమానాలు అన్నీ అందులోనే. 2024 డిసెంబరు 31లోపు విదేశీయులందరూ వేలిముద్రలు, కంటిపాప ముద్రలు ఇవ్వాలన్నారు. ఇవ్వనివాళ్ల బ్యాంకు లావాదేవీలు ఆగిపోయాయి. 2025 జులై 1 నుంచి ప్రైవేటు కంపెనీల వీసా, మనం షూన్ వీసా అంటామే, దాని మీద ఉన్నవాళ్లు ఊరికి బయలుదేరాలంటే కంపెనీ ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ అడిగేదీ, వచ్చేదీ యాపులోనే. ఒకప్పుడు సరిహద్దు విమానాశ్రయంలో ఉండేది. ఇప్పుడు జేబులో పెట్టుకు తిరుగుతున్నాం. పక్కనే ఎమిరేట్స్‌లో వాట్సాప్ మాటల మీద ఏళ్ల తరబడి ఆంక్షలున్నాయి. కువైట్‌లో ఆ కాల్స్ నడుస్తాయి గనుకే మా గ్రూపులు ఇలా ఎదిగాయి. అంటే సరిహద్దుల్లేని సమూహం కూడా ఏదో ఒక దేశం ఊపిరి పీల్చుకోనిస్తేనే బతుకుతుంది.

మన తప్పులు కూడా చెప్పుకోవాలి కదా. పదిమంది చేతిలో పడ్డ పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. అయిదొందల మంది ఉన్న గ్రూపులో ఒక మొర వస్తే నాలుగొందల మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటారు. ఎన్నికలొస్తే చాలు, ఒక గ్రూపు రెండవుతుంది. కులం పేరు మీద ఇంకో రెండు. చందా లెక్క అడిగినవాణ్ణి గ్రూపులోంచి తీసేసిన సందర్భాలూ చూశాను. దేశంలో కోర్టుకు పోవచ్చు. గ్రూపులో అడ్మినే రాజు, అడ్మినే జడ్జి. మనం కోరుకునే ఊరు ఇది కాదు.

అందుకని వింటున్నవారికి మూడు విన్నపాలు చేసి ముగిస్తాను.

మీ ఊరినుంచి ఎవరైనా, ముఖ్యంగా ఆడవాళ్లు, గల్ఫ్‌లో ఇంటిపనికి వెళుతుంటే, ఇంట్లో ఒకరి ఫోను నంబరు వాళ్లకు బట్టీ పట్టించండి. ఫోనులో దాచిన నంబరు ఫోనుతోనే పోతుంది. కువైట్ అయితే, చేరిన మొదటి రోజే గోడ మీది ఆ ఎనిమిది అంకెలు చూసి ఇంటికి చెప్పమనండి. పాస్‌పోర్టు, వీసా కాగితాల నకళ్లు ఇంట్లో ఉండాలి.

రెండోది. ఆపద వచ్చినప్పుడు గ్రూపులో పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ అక్కడితో ఆగకండి. అదే రోజు అర్జీ రాయండి, ఎంబసీకి పంపండి. భారత ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన 'మదద్' పోర్టల్‌లో నమోదు చేసి నంబరు తీసుకోండి. గ్రూపుకు జాలి ఉంది, జ్ఞాపకం తక్కువ. వారం తిరిగేసరికి ఇంకో వార్త వస్తుంది. ప్రభుత్వానికి జాలి తక్కువే కావచ్చు, కానీ ఫైలు నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని అడగవచ్చు.

మూడోది, పేరు తెలియని జాబితాలు, నిర్ధారణ లేని చావు వార్తలు ముందుకు పంపకండి. మీకది ఒక్క వేలి పని. ఎక్కడో ఒక ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

సరిహద్దుల్లేని సమూహాలు దేశాలను పడగొడతాయా అని అడిగారు. నాకు తెలిసి పడగొట్టవు. కానీ ఏ దేశమూ తనదని చూసుకోని మనిషిని ముందు చూసేది అవే. చూసి, పేరు పెట్టి, ఫలానా తలుపు వెనక ఫలానా మనిషి ఉందని దేశాన్ని నిలదీయగలవు. తెలియదని తప్పించుకునే వీలు దేశానికి ఇక లేకుండా చేయగలవు. అదే పెద్ద సవాలు అనుకుంటాను.

మలికిపురం ఆవిడ ఇప్పుడు ఊళ్లోనే ఉంది. చెల్లెలితో కలిసి చిన్న టిఫిను కొట్టు పెట్టుకుంది. మా గ్రూపులోంచి మాత్రం వెళ్లలేదు. ఎప్పుడైనా ఎవరైనా కొత్త మనిషి, తానెక్కడుందో తెలియని మనిషి, గొంతు సందేశం పెడితే అందరికన్నా ముందు ఆమే పలుకుతుంది. "భయపడకండమ్మా. ముందు గోడ మీద నంబరుంటుంది, అది చూసి చెప్పండి" అంటుంది.